జిగురాయన పరిచిన కాగితం

ముద్రణాలయం వెనుక భాగాన, కాగితపు బేళ్లకూ కటింగు మిషనుకూ నడుమ, ఒక పొడవాటి బల్ల ఉన్నది. ఆ బల్ల ముందు నిలబడి పుస్తకాలకు అట్టలు వేస్తూ తల నెరిసిన వ్యక్తిని అక్కడివారందరూ జిగురాయన అని పిలుస్తారు. ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. మైదాపిండిని నీళ్లలో కలిపి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేసి, ఆయన స్వయంగా జిగురు కాచుకుంటారు. ఆ వాసన ఆయన కంటే ముందే గదిలోకి వస్తుంది; ఆయన వెళ్లిపోయిన చాలాసేపటికి గాని వెళ్లదు.

జిగురాయనకు మరక అంటే గిట్టదు. పుస్తకం అంచు మీద వేలిముద్ర కనిపించిందంటే, ఆ వేలు ఎవరిదో తేలేవరకు ఆయన భోజనానికి లేవరు. కోపం వస్తే అరవరు. ఆ పుస్తకాన్ని వారి ముందు పెట్టి, ఊరక చూస్తూ నిలబడతారు. ఆ చూపు కంటే నాలుగు తిట్లు మేలని తోటివారి అభిప్రాయం.

ఆయన భార్య కూడా ఆ గదిలోనే మరొక మూల కూర్చుని, అచ్చయి వచ్చిన కాగితాల మడతలను సూదీ దారంతో కుట్టి కట్టలుగా చేస్తుంది. కుట్టు ఆమెది, అంటింపు ఆయనది.

"నేను కుట్టకపోతే మీ జిగురు గోడకు పూసుకోవాల్సిందే" అంటుందామె.

"నేనంటించకపోతే నీ కుట్లు నువ్వే లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి" అంటారాయన.

వారి దాంపత్యంలో ఈ వాదం ఏనాడూ తెగలేదు. తెగాలని ఇద్దరికీ ఉన్నట్టు కూడా కనబడదు.

ఇటువంటి మనిషి, తాను పడుకునే చోటును తానే పాడుచేసుకునే కుక్కను ఇంటికి తెచ్చారంటే, ముందుగా ఎవరూ నమ్మలేదు. జరిగిన సంగతి ఇది. ఆయన అట్టల మీద అంటించే క్యాలికో గుడ్డ కొనే దుకాణం పక్కన కుక్కపిల్లలను అమ్మే అంగడి ఒకటి ఉండేది. దానిని మూసివేసే రోజున పిల్లలన్నీ అమ్ముడుపోయాయి గాని, ఎవరూ కొనకుండా పెద్దదైపోయిన ఒక ఆడకుక్క మిగిలింది. ఇనుప బోనులో పుట్టి, ఇనుప బోనులో పెరిగి, బజారును చువ్వల మధ్య నుంచి తప్ప చూడని ప్రాణి. జిగురాయన గుడ్డ కొలిపించుకుంటున్నంతసేపూ అది ఆయననే చూసింది. గుడ్డ సంచిలో పెట్టుకున్నారు, రెండడుగులు వేశారు, వెనక్కి వచ్చారు. అంగడివాడు బోనుతో సహా ఇచ్చివేశాడు.

దాని రంగు అచ్చంగా పుస్తకాలకు వేసే ముతక అట్ట రంగు. అందువల్ల అట్ట అనే పేరు స్థిరపడింది.

"ఏవండీ, గుడ్డ తెమ్మంటే కుక్కను తెచ్చారా?" అన్నది భార్య.

"గుడ్డ కూడా తెచ్చానే" అని ఆయన సంచి చూపించారు.

వారు ఉండేది కింది వాటా. పై వాటాలో ఇంటి యజమానురాలు ఉంటారు. అందరూ పిన్నిగారు అంటారు. బోనును వరండాలో ఉంచడానికి ఆమె మొదట అభ్యంతరం చెప్పలేదు. మర్నాడు ఉదయం మెట్లు దిగుతూ సగంలోనే ఆగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఆ మర్నాడూ అదే. తరువాత ఆమె పని లేనిదే మెట్లు దిగడం మానివేసి, పైనుంచే మాట్లాడసాగారు.

"కుక్క మీద నాకు కోపం లేదు నాయనా. నా ముక్కు మీద నాకు కాస్త ప్రేమ ఉంది, అంతే. నెల తిరిగేసరికి మా అమ్మాయి చంటిపిల్లాడితో వస్తోంది. ఈ వాసనలోంచి పసివాణ్ణి పైకెలా తీసుకురమ్మంటావు? అప్పటికైనా దానికి బుద్ధి రాకపోతే, ఎక్కడైనా ఇచ్చెయ్యి."

ఇచ్చివేయడానికి చోటు సిద్ధంగానే ఉన్నది. భార్య తమ్ముడికి ఊరి చివర కర్రల అడితి ఉంది. అతడు ఈ మాట వినగానే ఉత్సాహంగా వచ్చాడు.

"బావా, నాకిచ్చెయ్. గేటు దగ్గర గొలుసేసి కట్టేస్తా. ఎండా వానా అదే అలవాటవుతుంది. అక్కడెక్కడ చేసుకున్నా అడిగే నాథుడుండడు."

"బోనులోంచి గొలుసులోకా?" అన్నారు జిగురాయన.

"అది కుక్క బావా, కోడలు కాదు."

జిగురాయన బోను చువ్వల మీద చేయి వేశారు. అట్ట బోనులోంచి ఆయన చేతిని నాకింది. ఆ చేయి మర్నాడు ఉదయం మళ్లీ ఆ బోనును కడగవలసిన చేయి.

కుక్క పడుకునే చోట ఆ పని చేయదని లోకమంతా చెబుతుంది. అట్ట చేస్తుంది. బయటికి తీసుకువెళితే వీధి చివరిదాకా వినయంగా నడిచి వస్తుంది. ప్రతి స్తంభాన్నీ వాసన చూస్తుంది. ఒక్క చుక్క విడువదు. ఇంటికి రాగానే గబగబా బోనులోకి దూరి, తృప్తిగా పని ముగించి, ఆపైన ఒక మూలకు ఒదిగి, తప్పు చేసినదానిలా తల దించుకుంటుంది. దాని ముక్కు పట్టి అందులో రాయమని బావమరిది సలహా చెప్పాడు. "నీకలా చేస్తే నేర్చుకునేవాడివా?" అని అక్క అడగడంతో ఆ సలహా అక్కడికి ముగిసింది.

జిగురాయన తనకు తెలిసిన మార్గమే పట్టారు. మనసుపెట్టి పరిస్తే ఏ చోటైనా శుభ్రంగా ఉండి తీరుతుందని ఆయన విశ్వాసం. ప్రతి సాయంకాలం ముద్రణాలయం నుంచి కత్తిరింపు కాగితాలు తెచ్చేవారు. బోను కడిగి, ఆరబెట్టి, అంచుకు అంచు కలిపి, ఒక్క ముడత లేకుండా పరిచేవారు; మూలలు లేవకుండా బద్దతో నొక్కేవారు. అట్ట పక్కనే కూర్చుని శ్రద్ధగా చూసేది. పరచడం పూర్తి కాగానే లోపలికి వెళ్లి, చుట్టూ ఒకసారి తిరిగి, ఆ తెల్లదనం నడిమధ్యన కూర్చునేది. పని కానిచ్చేది.

కాగితం నాసిదేమోనని ఆయన మరింత దళసరి కాగితం తెచ్చారు.

"మంచి కాగితం వేస్తే మంచిగా చేస్తోంది" అన్నది భార్య. అలా అంటూనే, ఆయన చేతిలోని తడిగుడ్డ లాక్కుని తానే బోను తుడిచింది. ఆమె కూడా అప్పటికి ఆ కుక్కకు ఒక పాత కంబళి కుట్టి పెట్టింది. కుట్లు పుస్తకం కుట్ల లాగా దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఆ కంబళి కూడా తడిసి తీగ మీదికెక్కింది.

రోజులు దొర్లిపోతున్నాయి. పైన పిన్నిగారు మంచానికి దోమతెర కట్టించారు, ఉయ్యాల దుమ్ము దులిపించారు. ఆ చప్పుళ్లు వినిపించినప్పుడల్లా జిగురాయన అన్నం ముద్ద నోటి దగ్గర ఆగేది.

ఒక సెలవునాడు ఆయన ఇంటివద్దనే కొంత పని పెట్టుకున్నారు. పుస్తకానికీ దాని అట్టకూ నడుమ అంటించే తెల్ల కాగితాలను కోసి, వరండా గచ్చు మీద ఒకదాని పక్కన ఒకటి పరిచారు. జిగురు గిన్నె కుక్కకు అందకుండా కిటికీ మీద పెట్టారు. అట్టను బోనులోంచి విడిచి, భార్యతో మాట్లాడుతూ నిలబడ్డారు.

అట్ట బయటికి వచ్చింది. గచ్చు మీద నడిచింది. గోనెసంచి వాసన చూసి దాటింది. చాప వాసన చూసి దాటింది. తెల్ల కాగితం దగ్గరికి రాగానే దాని ముఖంలో ఒక గాంభీర్యం వచ్చింది. అంచులు చూసుకుంది, కాళ్లు నాలుగూ కాగితం లోపలే ఉండేట్టు సర్దుకుంది, కూర్చుంది.

సరిగ్గా ఆ సమయానికే పిన్నిగారు కూరల సంచితో గేటు తీశారు.

"బాగుంది! ఇంకేం, వరండా కూడా అయిపోయింది. మీ తమ్ముడికి కబురు పెట్టమ్మాయ్" అన్నారు.

జిగురాయన చేయి పైకి లేచింది. పాడైనవి ఆయన కోసిన కాగితాలు. ఒక్క వేలిముద్రనైనా సహించని మనిషి. అట్ట కదలలేదు. కళ్లు మూసుకుని, దెబ్బ కోసం కాగితం మీదే వేచి ఉంది. లేచిన చేయి అలాగే ఆగిపోయింది. ఆయన ఒకసారి గోనెసంచిని చూశారు, చాపను చూశారు, కాగితాన్ని చూశారు.

"ఏమే, అంగట్లో దీని బోనులో ఏం వేసేవాళ్లు?"

"ఏం వేస్తారు, పాత పేపర్లు."

"అదీ సంగతి. దీనికి రాక కాదే. నేర్పింది తు.చ. తప్పకుండా చేస్తోంది. కాగితం కనబడితే అక్కడ చెయ్యాలి. కనబడకపోతే ఆపుకోవాలి. పాపం, వీధంతా తిరిగి ఆపుకుని వస్తోంది, నేనెప్పుడు పరుస్తానా అని!"

భార్య ఒక్క క్షణం ఆయనను చూసింది. తరువాత స్తంభం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"అంటే, ఇన్నాళ్లూ దానికి పక్క వేస్తున్నాననుకుంటూ, మరుగుదొడ్డి కట్టిస్తున్నారన్నమాట! అదీ ముడతల్లేకుండా!"

పిన్నిగారికి కూడా నవ్వు వచ్చింది గాని, కొంగు చాటున దాచుకున్నారు. "నవ్వులకేం గాని, మా అమ్మాయి వచ్చే రోజు మాత్రం మారదు" అని మెట్లెక్కారు.

ఆ సాయంకాలమే బోనులోని కాగితమంతా పోయింది. చువ్వలూ రేకూ సబ్బుతో కడిగి, పాత వాసన మిగలకుండా ఎండబెట్టారు. జిగురాయన ఒక చెక్క పలకను కోసి బోను లోపల అడ్డంగా నిలిపారు. అట్ట ముడుచుకు పడుకోవడానికి సరిపడేంత చోటు మాత్రమే మిగిలింది. తిండి గిన్నె కూడా అందులోనే పెట్టారు. ఇంటి వెనుక ప్రహరీ పక్కన మట్టినేల ఉన్నది. అక్కడ ఒక నిండు కాగితం పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. తెల్లవారగానే అట్టను తాడుతో నేరుగా అక్కడికి తీసుకువెళ్లారు.

అట్ట కాగితాన్ని చూసింది, ఆకాశాన్ని చూసింది. ఇంత పెద్ద గదిలో ఇది కుదురుతుందా అన్నట్టు ఆయన వైపు చూసింది. తరువాత కూర్చుంది.

"శభాష్, నా తల్లీ!" అన్న కేక పై వాటా దాకా వినిపించింది. జిగురాయన గొంతు అంత పెద్దదని ఆ ఇంట్లో ఎవరికీ అంతవరకు తెలియదు.

అటుపిమ్మట ఆయన కాగితాన్ని కొద్దికొద్దిగా చిన్నది చేయసాగారు. అక్కడే ఆయన స్వభావం బయటపడింది. ఒకనాడు పిన్నిగారు పిట్టగోడ మీదనుంచి తొంగిచూస్తే, కింద ఆయన ఇనుప స్కేలు పెట్టి, మూలమట్టం చూసుకుని, కత్తితో కాగితపు అంచు కోస్తున్నారు.

"కుక్క కూర్చునేదానికి కూడా స్కేలెందుకు నాయనా?"

"వంకరగా కోస్తే నాకు ముద్ద దిగదు పిన్నిగారూ."

నిండు కాగితం సగమైంది. సగం, పుస్తకం పుటంత అయింది. ఆ పుట, పుస్తకం వీపున అంటించే చీటీ అంత అయింది. ఆ చీటీ ఒక ఉదయం గాలికి ఎగిరి ప్రహరీ దాటిపోయింది. అట్ట దానిని కంటితో సాగనంపి, ఉన్న చోటనే మట్టి మీద కూర్చుంది. బోను మాత్రం కొన్నాళ్లు పొడిగా, ఒకనాడు తడిగా, మళ్లీ పొడిగా గడిచింది. తడిసిన నాడు ఎవరూ ఏమీ అనలేదు, కడిగారు. అవసరం తోచినప్పుడు అట్ట తలుపు గీరడం నేర్చింది. భార్య ఆ గీతలు చూసి, "ఇంటికి మరకలు పోయి గీతలొచ్చాయి" అన్నది, సంతోషంగానే.

పిన్నిగారి కుమార్తె రానే వచ్చింది. అదే పూట బావమరిది కూడా భుజాన తాడుతో వచ్చాడు. అక్క వద్దని కబురంపినా, "ఎందుకైనా మంచిది" అని వచ్చాడు. వరండాలో పిన్నిగారు ఆగి, ముక్కు ఎగబీల్చి, మళ్లీ ఎగబీల్చి, వెతికినది దొరకనట్టు నిలబడ్డారు. ప్రయాణపు బడలికతో కుమార్తె అక్కడే చతికిలబడింది. గచ్చు చల్లగా ఉందని, సామాను చుట్టి తెచ్చిన వార్తాపత్రికను విప్పి నేలమీద పరిచి, దానిపై చిన్న పొత్తిగుడ్డ వేసి పసివాణ్ణి పడుకోబెట్టింది. గుడ్డ చుట్టూ కాగితం బోలెడు మిగిలింది.

అట్ట లేచింది.

జిగురాయన పిలవబోయి ఆగిపోయారు. పిలిచి ఆపితే ఆపినట్టే. అది నేర్చినట్టు కాదు. భార్య ఆయన మోచేయి పట్టుకుంది. అట్ట నడిచి వెళ్లి, కాగితపు అంచు దగ్గర నిలబడింది. ముందరి కాలు ఒకటి ఎత్తింది. ఆ కాలును చాలాసేపు ఎక్కడా పెట్టలేదు. కాగితాన్ని చూసింది, జిగురాయనను చూసింది. ఒక్కసారి కుయ్యిమని, గిరుక్కున వెనుదిరిగి, వెనుక తలుపు దగ్గరికి పరుగెత్తి రెండు కాళ్లతో గీరింది. ఆయన తలుపు తీయడానికి పరుగెత్తిన వేగం ఆయన వయస్సుకు తగినది కాదు.

ఆయన తిరిగి వచ్చేసరికి వరండాలో నవ్వులు. పసివాడు కాళ్లాడిస్తూ, పొత్తిగుడ్డనూ దాని కింది వార్తాపత్రికనూ ఆమూలాగ్రం తడిపివేసి, ఎంతో ప్రశాంతంగా పైకప్పును చూస్తున్నాడు.

బావమరిది భుజం మీది తాడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "పిన్నిగారూ, ఇప్పుడీ తాడు ఎవరికి కట్టమంటారు?"

"నోర్ముయ్ వెధవా" అన్నారు పిన్నిగారు. మనవణ్ణి ఎత్తుకుని మెట్ల దగ్గరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగారు. "నాయనా, కుక్క ఉంటుందిలే. ఆ స్కేలూ కాగితాలూ మాత్రం పారెయ్యకు. వీడికి కాస్త నడక రానీ, నీ చేతికే అప్పగిస్తాను."

జిగురాయన వంగి, అట్ట కాళ్లకు అంటిన మట్టిని తన పైగుడ్డ అంచుతో ఒక్కొక్క వేలి సందునా తుడుస్తున్నారు. ఆ గుడ్డకు మరక అయింది. దానిని ఆయన చూశారు. చూసి, అలాగే భుజాన వేసుకున్నారు.