ఫ్రాన్సు పాటగాడూ, నా బొంగురు గొంతూ

అందరూ కువైట్ నుంచి దుప్పట్లూ అత్తర్లూ తెస్తే, ప్రొద్దుటూరులో మా పక్కింటి మామ ఒక పాటగాడి కథ మోసుకొచ్చాడు. వాళ్లు ముస్లింలు, మాకు చుట్టరికమేమీ లేదు, అయినా పుట్టినప్పటి నుంచీ ఆయన నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ణి. కువైట్‌లో మామ ఒక ఫ్రెంచి ఇంజనీరుకు కారు తోలేవాడు. ఆ దొర కారెక్కితే చాలు, వాళ్ల దేశంలో పేరుమోసిన ఒకాయన పాటలే పెట్టించి, మధ్యమధ్య వచ్చీరాని హిందీలో ఆయన బతుకంతా చెప్పేవాడట.

నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో పాడతాను. నాది బొంగురు గొంతు. దానికి తోడు సొంతంగా పాటలు కట్టే పిచ్చి ఒకటి. ముద్దనూరు స్టేషన్‌లో రైలు తప్పిపోయి, నీ వల్లంటే నీ వల్లని పోట్లాడుకుని, ఆఖరికి ఒకే దోశ పంచుకుతిన్న మొగుడూపెళ్లాల మీద కట్టిన పాటంటే నాకు ప్రాణం. ఇది నా పాట అని చెప్పి జనం ముందు పాడి, వాళ్లచేత అవుననిపించుకోవాలని ఒకటే ఆశ.

"ఆ ఫ్రాన్సాయన గొంతు నీకంటే అధ్వానం అల్లుడా" అని మామ ఓదార్చేవాడు. "హోటళ్లలో పాడతాంటే తినేటోళ్లు నవ్వేవాళ్లంట. ఆయన రాసినవి వేరేవాళ్లు పాడి పేరు తెచ్చుకున్నారు. ఆఖరికి, నా పాట నేనే పాడతా, ఇంటే ఇనండి, లేకుంటే పోండి అన్నాడు. దేశమంతా కూచోని ఇనింది!"

ముసలితనం కథ దగ్గరకొచ్చేసరికి మామ గొంతు మారిపోయేది. "ఒగదినం స్టేజీ మింద పాట మర్చిపోయినాడప్పా. ముందరున్న జనమే ఎత్తుకోని పాడినారు. ఆయన మైకు పట్టుకోని ఏడుస్తా నిలబడినాడంట. ఇంకేం కావల్ల పాటగానికి?"

ఆ ధైర్యంతోనే జమ్మలమడుగు పెళ్లిలో మా ఆర్కెస్ట్రా ఓనరు భోజనానికి లేచిన సందు చూసుకుని, ఇది నేను రాసిన పాటండీ అని చెప్పి మరీ పాడేశాను. పెళ్లికూతురి మేనమామ స్టేజీ దగ్గరికొచ్చాడు.

"పాట శానా బాగుందప్పా. ఏ సినిమాలోది?"

"సినిమా కాదన్నా, నాదే."

"గమ్మునుండప్పా! సినిమా లేకుండా పాట యాడ్నుంచి వస్తాది?"

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! మా సీమలో పెళ్లికి పూలు కడప నుంచి, పాట సినిమా నుంచి రావలసిందే. ఓనరు చెయ్యి కడుక్కుని వచ్చి, "ఇంగోసారి నీ పాట ఎత్తితే మైకు ఆడ పెట్టి ఇంటికి పో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ మైకు లేకపోతే నేను బతకలేను. ఆ పాటను మళ్లీ ఎత్తలేదు. ఆ పెళ్లిలో ఎవరో దాన్ని ఫోన్లో తీసి స్టేటస్ పెట్టుకుంటే, అది ఊరూరా తిరుగుతోందని మాత్రం విన్నాను.

తర్వాత పులివెందులలో పెళ్లి. మా వ్యాను తోలింది మామే. నాకేమో జలుబు. సగంలో పెళ్లికొడుకు అక్క వచ్చి, "ఆ రైలు తప్పిన పాట పాడండన్నా" అంది. నేను ఓనరు వైపు చూశాను. పెళ్లివారి మాట కాదనలేక, "పాడు పో, ఏం జేస్తాం" అన్నాడు.

మొదటి చరణం ఎలాగో లాగాను. రెండో చరణంలో గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అయిపోయింది నా పని అనుకున్నాను. అప్పుడు ముందు వరసలో ఆడవాళ్లు అందుకున్నారు. ఐస్‌క్రీములు తింటున్న పిల్లలు అందుకున్నారు. పోట్లాట, దోశ, అన్నీ ఒక్క మాట పోకుండా పాడారు. నేను మైకు పట్టుకుని ఏడుస్తూ నిలబడిపోయాను. అంత సంతోషం నాకు అంతకు ముందెప్పుడూ లేదు. వ్యాను దగ్గరుండాల్సిన మామ స్టేజీ పక్కకొచ్చి రుమాలుతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

కిందికి దిగగానే ఒక అవ్వ నీళ్లగ్లాసు తెచ్చిచ్చింది. "ఏడ్వగాకు నాయనా. నీ గొంతు పోతే ఏమాయె, పాట మాకందరికీ వచ్చు గదా. సినిమాలో పాడినాయన ఏమీ అనుకోడులే."

మామ ఆవేశంగా నోరు తెరవబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"అనుకోడవ్వా" అన్నాను, ఉన్న కాస్త గొంతు పెగల్చుకుని. "సంతోషపడతాడు."