సైరన్ ఆగాక మూసే గేటు

మా తమ్ముడు పోయాడు. మధ్యాహ్నం చారన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానన్నాడు. సాయంత్రం టీ పెట్టి పిలిస్తే పలకలేదు. భిలాయిలో వాణ్ణి ఎరిగినవారికి ఈపాటికి కబురు అందే ఉంటుంది. అందనివారికి ఈ నాలుగు మాటలు.

సమాధి దగ్గర మట్టి వేసి చేతులు కడుక్కుంటుంటే ఒకావిడ నా పక్కకు వచ్చి, "ఆ బాస్కెట్‌బాలే మింగేసిందమ్మా. నువ్వు ఒద్దని ఉంటే బతికుండేవోడు" అంది. ప్రేమతోనే అంది. ఆ రాత్రి నుంచి మోకరించిన ప్రతిసారీ ఆ మాటే ముందు వస్తోంది. డాక్టరు గారిని అడిగాను. చెప్పలేమమ్మా అన్నారు. అందుకే, ఏం జరిగిందో జరిగినట్టు రాస్తున్నాను. చదివినవారే చూసుకోండి.

అమ్మ పోయేనాటికి వాడికి ఇంకా పాలపళ్లు ఊడుతున్నాయి. పెద్దదాన్ని గనుక వాడి అన్నం, వాడి జ్వరం, వాడి చదువు నావే అయ్యాయి. విజయనగరం వైపు అలవాటు చొప్పున నన్ను 'అప్ప' అనేవాడు. తల నెరిశాక కూడా ఏదైనా కావలసివస్తే ఆ పిలుపును కాస్త సాగదీసేవాడు. భార్య పోయిన తరువాత నా దగ్గరికే వచ్చేశాడు. భిలాయి పక్కనే రిసాలిలో ఇద్దరం ఒక్క ఇంట్లోనే ఉన్నాం.

వాడిది ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు ఉద్యోగం. డ్యూటీ లేని పూట సెక్టారు క్లబ్బులో మగపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పేవాడు. మంచి కోచ్ అనేవారు అందరూ. అని, గొంతు తగ్గించి 'కానీ' అనేవారు. ఆ 'కానీ' నిజమే. పొద్దున షిఫ్టు సైరన్ మోగి ఆగేలోపు పిల్లలు కోర్టులో ఉండాలి. ఆగిన వెంటనే గేటు మూసేవాడు. ఆలస్యమైనవాడు ఇంటికి పోవడానికి లేదు, లోపలికి రావడానికీ లేదు. కంచె బయట నిలబడి చివరిదాకా చూడాలి. "బయట నిలబడి చూడ్డం కూడా ఆటే" అనేవాడు. ఒక పెద్ద మ్యాచ్ ముందు రోజు, జట్టులో అందరికన్నా బాగా ఆడే కుర్రాడు అలా బయట ఉండిపోయాడు. మర్నాడు ఆ కుర్రాణ్ణి ఆడించలేదు. జట్టు ఓడింది. క్లబ్బు కమిటీవారు మా తమ్ముడికి శాలువా కప్పి, దండ వేసి, ఇక రావద్దన్నారు. ఆ శాలువా మంచిది. చలికాలం ప్రార్థనకు నేనే కప్పుకుంటాను.

ఆ తరువాత కొన్నాళ్లకే వాడికి గుండెపోటు వచ్చింది. బతికాడు. పరుగెత్తకూడదు, బరువులెత్తకూడదు, అన్నిటికన్నా ముఖ్యం అరవకూడదు అని డాక్టరు గారు నాతో చెప్పారు, వాడు వినడని కాబోలు. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాడు. పేపరు చదివేటప్పుడు టేబులు కింద పాత బంతి ఒకటి పాదంతో అటూ ఇటూ దొర్లించేవాడు. పేజీ మాత్రం తిరిగేది కాదు. నేను వంటింట్లో ఆ చప్పుడు వింటూ ఉండేదాన్ని. ఆగితే భయం. ఆగకపోతే వేరే భయం.

భిలాయి వైపంతా విడిపోయి కొత్త రాష్ట్రమైన రోజులవి. అదే క్లబ్బులో అమ్మాయిల జట్టు ఒకటుండేది. ఆడిన చోటల్లా ఓడేది. మా అమ్మాయిలు వస్తున్నారంటే అవతలి జట్టుకు సెలవు దొరికినట్టే అని నవ్వేవారు. అప్పటి కోచ్ చాలా మెత్తని మనిషి. ఓడిన ప్రతిసారీ పిల్లలకు సమోసాలు తినిపించి ఇంటికి చేర్చేవాడు. ఆయన బదిలీ అయ్యాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక క్లబ్ సెక్రటరీ గారు మా వరండాలోకి వచ్చారు. శ్రీకాకుళం మనిషి, ప్లాంటులో రిటైరైనవారు. వెంట జట్టులో పిల్లల తల్లులు ఇద్దరు, కెప్టెన్ కరుణ. తమ్ముడు లోపల ఉన్నాడని తెలిసి, వాణ్ణి కాకుండా నన్ను పిలిచారు.

"కొత్త రాష్ట్రం, కొత్త టీములు కడతన్నారమ్మా. మన ఆడపిల్లలకిదే మౌకా, ఇదే అదను. ఈ ఏడూ ఇలాగే ఓడితే అసలు టీమే తీసెయ్యమంటన్నారు. మీ తమ్ముడైతే నిలబెడతాడు. నువ్వు ఊఁ అంటేనే అడుగుతాం" అన్నారాయన.

తల్లుల్లో ఒకావిడకు ఇష్టం లేదు. ఆయన మా పిల్లల్ని ఏడిపిస్తాడు, ఇంట్లో మావారి అరుపులు చాలవా అంది. రెండో ఆవిడ, ఏడవనీ, సమోసాలు తిని లావెక్కడం కన్నా నయమే కదా అంది. ఇద్దరూ నా ఎదుటే వాదులాడుకున్నారు. ఎవరూ వాడి గుండె మాట ఎత్తలేదు. వారి భయం పిల్లల గురించి. నా భయం వాడి గురించి. ఆ రెండు భయాలూ ఒకే ప్రశ్న దగ్గర కూర్చున్నాయి.

నేను కరుణను అడిగాను, ఆయనంటే నీకు భయం లేదా అని. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు కన్నా హిందీ ఎక్కువ వస్తుంది. కాసేపు చెప్పు కొసతో నేల గీకి, "డర్ తో హై, పెద్ద దీదీ" అంది, భయమైతే ఉందని. "కానీ ఓడిపోతే మాకేం అవట్లేదు. అది ఇంకా డర్."

ఆలోచించి చెబుతానన్నాను. ప్రార్థన చేశాను. జవాబు రాలేదు. రెండు రోజులు ఉపవాసం ఉన్నాను. అప్పుడూ రాలేదు. వాడికి అంతా తెలుసు, కిటికీ పక్కనే కూర్చుని విన్నాడు. అయినా అడగలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తుంటే తనే ఆ మాట ఎత్తాడు.

"నువ్వు ఒద్దంటే ఎల్లను అప్పా. కానీ నన్ను దాచి ఏటి సేసుకుంటావు? ఊరగాయ పెట్టుకుంటావేటి?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపూ వచ్చింది. కంచంలో పప్పు వేసి, సరే అన్నాను. రెండు షరతులు పెట్టాను. కోర్టులో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. గొంతు ఎత్తకూడదు. ఎత్తిన రోజే ఇంటికి. వాడు దేవుని తోడు అనబోతే, ఒట్టు పెట్టొద్దు, అవునంటే చాలన్నాను. అవునన్నాడు.

మొదటి రోజు నేనూ వెళ్లాను, పంచదార లేని అల్లం టీ ఫ్లాస్కులో పోసుకుని. రాత్రంతా పడిన ప్లాంటు దుమ్ము ఎర్రగా కోర్టు మీద పరుచుకుని ఉంది. వాడు బంతులు తేలేదు. చీపుళ్లు తెచ్చాడు. అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయంత్రానికి తల్లులు మా గుమ్మంలో ఉన్నారు, మా పిల్లల చేత ఊడిపించడానికా పిలిచింది అని. వాడు కుర్చీలోంచి లేవకుండా, "నేల తెలీకుండా బంతి తెలీదమ్మా" అన్నాడు. అంతే. నాకు మాత్రం సిగ్గేసింది.

ఊడవగా ఊడవగా ఆ పిల్లలకు నేల తెలిసింది. ఏ మూల సిమెంటు పగిలిందో, ఎక్కడ చిన్న పల్లం ఉందో, ఎక్కడ వేస్తే బంతి సగమే లేస్తుందో. మా కోర్టులో ఆడటానికి వచ్చిన జట్లను మెల్లగా ఆ మూలకు తోలడం నేర్చుకున్నారు. ఇది న్యాయమేనా అని అడిగాను. వాళ్లకీ చీపురిస్తాను, ఊడ్చుకోమను అన్నాడు.

వాడు అరవడం మానేశాక పిల్లలు ఇంకా భయపడ్డారు. తప్పు చేస్తే అరచెయ్యి ఎత్తేవాడు. ఆట ఆగిపోయేది. తప్పేమిటో ఆడినవారే చెప్పాలి. చెప్పేదాకా చెయ్యి దించడు. నేను మాత్రం ఆటను చూసేదాన్ని కాదు. వాడి మెడ మీద నరాన్ని చూసేదాన్ని.

ఒక చలి పొద్దున వాడు మాత్రలు మరచిపోయి వెళ్లాడు. నేను పరుగులాంటి నడకతో వెళ్లేసరికి సైరన్ ఆగిపోయింది. గేటు మూసి ఉంది. తీయమన్నాను. వాడు నా వైపు అరచెయ్యి ఎత్తాడు. పిల్లలందరూ చూస్తున్నారు. మాత్రలు పిడికిట్లో పట్టుకుని చివరిదాకా కంచె బయట నిలబడ్డాను. నా జీవితంలో వాడి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇంటికి వచ్చాక మాత్ర వేసుకుంటూ, "నీకు తీస్తే రేపు ఎవరికి మూయను అప్పా?" అన్నాడు. ఆ రోజు కూర మాడ్చి పెట్టాను. మిగల్చకుండా తిన్నాడు.

ఇంకొక్క మ్యాచ్ గురించి చెప్పాలి. పక్క ఊరు దుర్గ్‌లో. గెలిచే ఆట చివరికి వచ్చి చేజారుతోంది. వాడు కుర్చీలోంచి లేచాడు. నోరు తెరిచాడు. మెడ నరం ఉబ్బింది. నేను పెదవుల మీదే కీర్తన చదువుకుంటున్నాను. వాడు నా వైపు చూశాడు, నోరు మూసుకుని కూర్చున్నాడు. జట్టు ఓడింది. తిరిగివచ్చేటప్పుడు వ్యానులో పిల్లలందరూ ఏడ్చారు, కరుణ అందరికన్నా ఎక్కువ. సమోసాలు లేవు. వాడు ముందు సీట్లో కూర్చుని భిలాయి దాకా వచ్చాడు. దిగేముందు వెనక్కి తిరిగి, "ఇవాళ మీకేదో అయ్యింది. ఇంక నేర్పొచ్చు" అన్నాడు. కరుణ మా వరండాలో అన్న మాట వాడు అన్నాళ్లూ మోస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

తరువాత గెలిచారు. అన్నీ కాదు, కొన్ని. ఇద్దరు పిల్లలను కొత్త రాష్ట్రం జట్టుకు పిలిచారు. ఆ రోజు వాడు నా శాలువా అడిగి కప్పుకుని క్లబ్బుకు వెళ్లాడు. కమిటీవారు చూడాలట. టేబులు కింద బంతి చప్పుడు మాత్రం మళ్లీ వినలేదు. ఇంట్లో పడుకుంటే ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవాడు. ఆఖరి రోజు కూడా అలాగే అనుకున్నాను.

నేను వద్దని ఉంటే బతికేవాడా? ప్రభువుకు తెలుసు. నాకు ఆ బంతి చప్పుడు గుర్తుంది.

సమాధి కార్యక్రమం అయిన తరువాత వచ్చిన సోమవారం, చీకటితో లేచి అలవాటుగా అల్లం టీ పెట్టేశాను. పెట్టాక గుర్తొచ్చింది. పారబోయలేక ఫ్లాస్కులో పోసుకుని బయలుదేరాను. దారంతా ఒకటే దిగులు. కోర్టులో ఎవరైనా ఉంటారా? ఉన్నా మళ్లీ సమోసాల రోజులేనా? కమిటీవారు ఇంకా ఎవరినీ పెట్టలేదు. సగం దారిలోనే సైరన్ మొదలైంది. తొందరపడ్డాను. మలుపు తిరిగేసరికి ఆగిపోయింది.

గేటు మూసి ఉంది. లోపల చీపుళ్ల చప్పుడు. కుర్చీ దాని చోటనే ఉంది, దాని కింద కూడా ఊడ్చి ఉంది. కరుణ నన్ను చూసింది. గేటు దాకా రెండడుగులు వేసి ఆగిపోయింది. అరచెయ్యి ఎత్తింది. దించలేదు.

నేను ఫ్లాస్కు పట్టుకుని కంచె బయట నిలబడి, చివరిదాకా చూశాను.