పొద్దున చదివిన కొలతలు

మూడో అంతస్తులో కంప్యూటర్ పని చేసే కోడలికి ఉద్యోగం ఊడిందనీ, ఆ దెబ్బకు మతి కూడా కాస్త చలించిందనీ వీధంతా చెప్పుకుంటున్నారు. చెప్పినవాళ్ళు ఒకటి చెబితే విన్నవాళ్ళు దానికి రెండు కలిపారు. అసలు జరిగింది ఇది.

ఆ అమ్మాయి ఇంట్లోనే కూర్చుని ఊళ్ళోని గ్రంథాలయాలకు ప్రోగ్రాం రాస్తోంది. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళారో, ఎప్పటికి తిరిగివ్వాలో అది చెబుతుంది. ఆమెను పనిలో పెట్టుకుని చూస్తామన్న ఆరు నెలల గడువు గురువారంతో తీరుతుంది. ఆ రోజు పై అధికారిణి ముందు ప్రోగ్రాం నడిపి చూపిస్తే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే.

సోమవారం చిక్కు వచ్చిపడింది. ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్‌లోనే అడుగున ఒక టెర్మినల్ ఉంటుంది, ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ. విడిగా బయట తెరుచుకునేది ఇంకొకటి. బయటి దాంట్లో ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది. లోపలి దాంట్లో పుస్తకాల పట్టిక దొరకలేదని మొండికేస్తోంది. ఆ పట్టిక ఉండే చోటును ఆఫీసువాళ్ళు మూడు రోజుల కిందటే మార్చారు. కొత్త చిరునామాను ఆమె తన చేత్తోనే యంత్రం సెట్టింగుల్లో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారే, అందులో దిద్దింది. అయినా లోపలి కిటికీ పాత చిరునామానే అప్పజెబుతోంది. అది ఎక్కడ నక్కి ఉందోనని ఫైళ్ళన్నీ జల్లెడ పట్టింది. ఎక్కడా లేదు. లోపలి టెర్మినల్‌ను ఇరవైసార్లు మూసి కొత్తది తెరిచింది. కుక్కతోక వంకరే.

పోనీ బయటి కిటికీలో చూపిస్తానని ఫోనులో బతిమాలితే, రెండు చోట్ల రెండు మాటలు చెప్పే పనికి సంతకం పెట్టనని అధికారిణి తేల్చేసింది.

బుధవారానికి ఆ అమ్మాయి తనలో తానే గొణుక్కుంటూ మెట్లెక్కి దిగడం మొదలుపెట్టింది. చూడలేక అత్తగారు, కాస్త గాలైనా తగులుతుందని, ఎదురు దుకాణంలో కుట్టడానికిచ్చిన తన కోటు తెమ్మని పంపింది. తీరా చూస్తే కోటు చేతులు బెత్తెడు పొట్టి. పొడుగు పెంచమని అత్తగారు ఫోను చేసి మరీ చెప్పింది కదా అంటే, కుట్టుపనావిడ కొలతల పుస్తకం ముందుకు తోసింది.

“దిద్దే ఉంది చూడు. మీ అత్తగారు చెప్పింది మధ్యాహ్నం, కోటు కుట్టేసిందీ ఆ రోజే. మిషన్ల మీద కూర్చునేవాళ్ళకి నేను పొద్దున దుకాణం తీయగానే ఒక్కసారే చదివి వినిపిస్తాను. మళ్ళీ కట్టేసేదాకా అవే కొలతలు. మధ్యలో పుస్తకం ఎవరూ ముట్టుకోరు.”

“మధ్యలో కొత్త మనిషి పనిలోకి వస్తేనో?”

“పక్కవాళ్ళని అడిగి కుడుతుంది. వాళ్ళకి తెలిసిందేగా దానికీ తెలిసేది.”

అమ్మాయి పకపకా నవ్వి, కోటు అక్కడే పడేసి, వీధి దాటి మెట్లు రెండేసి ఎక్కుతూ పోయింది. పుకారు పుట్టింది సరిగ్గా అక్కడ.

తెరిచిన ఫైళ్ళు చెదిరిపోతాయన్న భయంతో ఆమె ఎడిటర్‌ను మూసి పన్నెండు రోజులైంది. రోజూ లాప్‌టాప్ మూత దించి పడుకునేది, అంతే. తెరిచిన నాడు చదువుకున్న చిరునామానే ఎడిటర్ పట్టుకుని కూర్చుంది. తన కడుపున పుట్టిన ప్రతి టెర్మినల్‌కూ అదే నూరిపోసింది. పిల్లల్ని ఇరవైసార్లు మార్చిందే గానీ తల్లిని కదపలేదు. ఇప్పుడు ఎడిటర్‌ను పూర్తిగా మూసి మళ్ళీ తెరిచింది. రెండు కిటికీలూ ఒకే మాట చెప్పాయి. కోటేదే అని అత్తగారు అడుగుతున్నా వినిపించుకోకుండా ఆమెను వాటేసుకుంది.

గురువారం సాయంత్రం కుట్టుపనావిడ ఉండబట్టలేక మెట్ల దగ్గరే కాపు కాసి నిలదీసింది.

“నాలుగు రోజులుగా నీ వాలకం చూస్తున్నాను. ఉన్న మాట చెప్పు తల్లీ, ఉద్యోగం ఉందా, ఊడిందా?”

“ఖాయం చేశారక్కా. ఆ పొట్టి చేతుల కోటు నాకిచ్చెయ్, నేను తొడుక్కుంటా. అత్తయ్యకి వేరేది కుట్టు. ఈసారి మాత్రం మధ్యాహ్నం కూడా ఓసారి పుస్తకం చదువు.”