రెండు కీళ్ళు ఎటు వంగుతున్నాయి?

మా అనాటమీ మేడమ్ పోయారని తెలిసేసరికి నా కుడిచెయ్యి భుజందాకా ఒక గేదె కడుపులో ఉంది. ఘాజియాబాద్‌లో ఓ డెయిరీ. దూడ ఇరుక్కుపోయింది. రెండు కాళ్ళు తగులుతున్నాయి గానీ తలా తోకా అందడం లేదు. పశువైద్యం తెలియనివారికి చెబుతున్నాను: అవి ముందు కాళ్ళయితే వెనక్కి మడిచిపోయిన తలను ముందు సరిచెయ్యాలి. వెనక కాళ్ళయితే క్షణం ఆగకుండా లాగెయ్యాలి. పొరబడితే దూడ దక్కదు. ఏవో తేల్చుకోలేక, ఎడమచేత్తో ఆవిడకే ఫోన్ చేశాను. వాళ్ళమ్మాయి ఎత్తింది.

"దీదీ, మమ్మీ నహీఁ రహీ. ఆజ్ సుబహ్... హార్ట్ ఎటాక్."

"డాక్టర్ సాబ్, కుఛ్ కీజియే!" ఏదో ఒకటి చెయ్యమని డెయిరీ యజమాని మొత్తుకుంటున్నాడు. గేదె ముక్కినప్పుడల్లా నా చెయ్యి నలిగిపోతోంది. నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. ఇప్పుడా మేడమ్, పోవడం?

కాలేజీలో ఎముకల పేర్లు బట్టీపట్టి అప్పజెబితే ఆవిడకు ఒళ్ళు మండేది. "పుస్తకం చూడ్డానికి కళ్ళున్నాయి తల్లీ. గేదె కడుపులో అవేం చేస్తాయి?" అనేవారు. మమ్మల్ని కళ్ళు మూసుకోమని తన చెయ్యి అందించేవారు. "వేళ్ళు ముడువు. మణికట్టు వంచు. దూడ కాలికీ గిట్ట పైన ఇలాగే రెండు కీళ్ళు. రెండూ ఒకే వైపేనా? అయితే ముందు కాలు. వెనక కాలికి రెండో కీలు ఎదురు వంగుతుంది." ఢిల్లీ చలిలో కూడా వెచ్చగా ఉండేదా చెయ్యి.

అనాటమీ పేపరు రెండోసారి తప్పి, కటవారియా సరాయ్‌లోని అద్దె గదిలో నేను పెట్టె సర్దుకుంటుంటే, మెట్లెక్కి రొప్పుతూ వచ్చారు. "పోతే పో. ముందు ఈ చెయ్యి వంచి మరీ పో." నేను వెళ్ళలేదు. ఈ పూట నేను తింటున్న అన్నం ఆవిడ పెట్టిందే.

ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. అవతల ఎవరో గొల్లుమంటున్నారు. నాతో ఏనాడూ తెలుగు మాట్లాడని ఆ పిల్ల, ఇక్కడి గొడవంతా విని, ఎక్కిళ్ళ మధ్య అడిగింది. "దీదీ... రెండు కీళ్ళు ఎటు వంగుతున్నాయి?"

కాన్పు దగ్గర తోచక ఫోన్ చేసిన మా స్టూడెంట్లందరినీ వాళ్ళమ్మ అడగ్గా, చిన్నప్పటి నుంచీ విన్న మాట.

కళ్ళు మూసుకున్నాను. తడిమాను. "ఎదురెదురు," అన్నాను.

"తో ఖీంచో, దీదీ!"

లాగాను. దూడ కాసేపు కదల్లేదు. ముక్కులు తుడిచి, డొక్కలు రుద్దగా రుద్దగా తుమ్మింది.

సాయంత్రానికి వసంత్ కుంజ్‌లో మేడమ్ ఇంటికి చేరాను. ఒంటి మీద ఇంకా పేడ వాసనే. దూడ బతికిందని చెప్పాలి కదా అని పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి అందుకున్నాను. అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. వేళ్ళు ముడుచుకోలేదు. మణికట్టు ఎటూ వంగలేదు.