బాపమ్మ తాగిన తంగేడు పూలు

మొన్న సిద్దిపేటలో ఒక దుకాణంలో, పండ్ల టీలూ మూలికల టీలూ పేర్చిన అరలో తంగేడు పూల టీ డబ్బా కనబడింది. ఇంటికి తెచ్చి మూత తీయగానే, ఆ వాసనకు నేను ఆరేళ్ల పిల్లనైపోయాను.

మా నాయన తల్లిని బాపమ్మ అని పిలిచేదాన్ని. చక్కెర జబ్బు వచ్చిందని ఆమె చాయ్ మానేసింది. తొగుట దగ్గర మా మెట్టచేను, చెలక గట్టు మీది తంగేడు పూలు కోసి, నీడలో ఆరబెట్టి, పొద్దున్నే వేడినీళ్లలో వేసేది. చూస్తుండగానే నీళ్లు బంగారు రంగుకు తిరిగేవి.

తంగేడంటే నాకు తెలిసింది బతుకమ్మ ఒక్కటే. మేమంతా ఆ పూలతో పేర్చి, చుట్టూ తిరిగి ఆడే దేవతను బాపమ్మ గ్లాసులో పోసుకుంటోంది!

“బాపమ్మా, బతుకమ్మను తాగుతున్నవా?” అని ఒకరోజు భయంభయంగా అడిగాను.

ఆమె నవ్వలేదు. “అవ్ బిడ్డా. నువ్వు గూడ జరంత తాగు,” అని గ్లాసు నా నోటికి అందించింది.

వగరుగా, గోరువెచ్చగా గొంతు దిగింది. దేవత నా కడుపులోకి వచ్చింది! నోరు తెరిస్తే వెళ్లిపోతుందని ఆ రోజు బడిలో హాజరు కూడా పలకలేదు. సాయంత్రం పంతులమ్మ మా ఇంటికొచ్చి, “పిల్లకు గొంతు నొస్తుందా?” అని అడిగింది.

నేను బిగించిన పెదవుల వంక బాపమ్మ చూసింది. “లేదు మేడం. దాని కడుపుల బతుకమ్మ ఉన్నది. రేపు మాట్లాడ్తది,” అంది.

ఆమె చక్కెరను అదుపులో ఉంచినవి దవాఖాన గోలీలేనని పెద్దయ్యాక తెలిసింది. పూలు చాయ్‌కి బదులు మాత్రమే. కానీ ఆ సాయంత్రం బాపమ్మ నన్ను నవ్వులపాలు చేయకుండా, నా దేవతను నాలోనే ఉండనిచ్చింది.