పైడితల్లి పగబట్టిన బ్యాక్టీరియా

చెరకు ట్రాక్టరు బోల్తాపడి తమ్ముడు బంగార్రాజు కాలు విరిగితే స్టీలు రాడ్ వేశారు. ఆ రాడ్‌కి బ్యాక్టీరియా అంటుకుని, ఏ మందుకీ వదలక, చివరికి కాలే తీసేశారు.

చోడవరం నుంచి రోజూ విశాఖలోని పరిశోధన ల్యాబ్‌కి వెళ్లే పైడితల్లి ఆ బ్యాక్టీరియా మీద పగబట్టింది. అంటుకోవడానికి అది వాడే ప్రొటీన్ తాలూకు జన్యువును కత్తిరించేసింది. దాన్ని పెంచిన స్టీలు ముక్క మీద నీళ్లు పోయగానే బ్యాక్టీరియా కొట్టుకుపోయింది. ఆమె పళ్లు బిగించి నవ్వింది.

"ఆ జన్యువు తిరిగి పెట్టు. మళ్లీ అంటుకుంటేనే అంతా దాని పనేనని రుజువు," అన్నారు ల్యాబ్ నడిపే మేడమ్.

శత్రువుకి బలమిస్తున్నట్టు అనిపించింది. అయినా పెట్టింది. బ్యాక్టీరియా మళ్లీ అంటుకుంది.

"దాన్ని సంపేసేవా అక్కా?" ఇంటికి రాగానే తమ్ముడు అడిగాడు.

"ఇంకా లేదురా. దేంతో పట్టుకుంటందో తెలిసిపోయింది. ఇంక ఒగ్గను."