ఓపెన్ వైవాలో మా అప్పన్న

నా పేరు ముందున్న ‘డాక్టర్’ని చూసి మీరెవరూ ముచ్చటపడిపోకండి. అది వచ్చిన తీరు వింటే సీతమ్మధారలో మా గేటుకున్న నేమ్‌ప్లేటు మీరే విప్పి పట్టుకుపోతారు. ఒక్క మధ్యాహ్నంలో డిగ్రీనీ, పరువునీ, బావమరిదినీ కలిపి పోగొట్టుకోబోయిన ఘనుణ్ణి నేను.

ఫిలాసఫీలో పీహెచ్‌డీ అంటే చదువు కాదండీ, ఓపికకి పరీక్ష. కోర్సువర్కు, దానికో పరీక్ష, సెమినార్లు, పత్రికల్లో వ్యాసాలు, ఎక్కడైనా కాపీ కొట్టామేమోనని వెతికే సాఫ్ట్‌వేరు. ఇవన్నీ దాటాక చివర్న ఓపెన్ వైవా. అంటే హాలు తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, దారినపోయే దానయ్య కూడా వచ్చి ప్రశ్న వేయొచ్చు. నా గడువు అప్పటికే పొడిగించి పొడిగించి సాగదీశారు. ఈసారి తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు, ఇన్నేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

ఇంతకీ నా థీసిస్ దేనిమీదనుకున్నారు? అబద్ధం మీద! ప్రాణం మీదికొచ్చినా సరే, అబద్ధమాడటం తప్పేనని ఇటుకరాయంత పుస్తకం రాశాను.

ఎవరైనా అడ్డమైన ప్రశ్న వేస్తే నీళ్లు నమలాలి కదా, అందుకని ఒక ఉపాయం పన్నాను. నాకు జవాబు తెలిసిన ప్రశ్నని నేనే ఒకరి చేత అడిగిస్తే? మా ఆవిడ తమ్ముడు అప్పన్నకి పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల కొట్టుంది. ప్రశ్నని వాయిస్ మెసేజ్‌లో పంపి ఫోన్ చేశాను.

"ఇప్పుడే ఇన్నాను బావా. ప్రాణం కాపాడ్డానికి అబద్దం ఆడితే తప్పేటి, అంతే గదా?"

"అంతే. కానీ నువ్వు నా బావమరిదివని ఎవరికీ తెలియకూడదు."

"ఎందుకు తెలుత్తాది బావా? నీ మొకం నానెప్పుడూ సూడనట్టే ఉంటాను."

పక్కనుంచి మా ఆవిడ, "అబద్దం తప్పని రాసి, ఇదేటండీ?" అంది.

"ఇది అబద్ధం కాదు, ఏర్పాటు" అన్నాను. చూశారా, అప్పటికే సగం డాక్టర్ని.

వైవాకి బయటి యూనివర్సిటీ నుంచి ఓ పెద్ద మేడమ్ వచ్చారు. మా ఆవిడ మేడమ్‌కి కాఫీ అందించి, నా భార్యనని పరిచయం చేసుకుని ముందు వరసలో కూర్చుంది. మేడమ్ ప్రశ్నలకి ఎలాగో నెట్టుకొచ్చాను. అప్పుడావిడ, "సభలో ఎవరైనా అడుగుతారా?" అన్నారు.

చివరి వరసలో అప్పన్న లేచాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట సింహాచలం చందనం.

"నమస్కారవండి. ముందుగా ఈయనెవరో నాకు తెల్దండి."

ఎవరడిగారయ్యా ఆ మాట! హాలంతా వెనక్కి తిరిగింది.

"ప్రాణం కాపాడ్డానికి అబద్దం ఆడితే తప్పేటండి?"

తిన్నగా జవాబు చెప్పేస్తే గండం గట్టెక్కేది. కానీ నాకు ఆ క్షణాన నటన మీద మోజు పుట్టింది. కళ్లజోడు సర్దుకుని, "చాలా లోతైన ప్రశ్న. మీ పేరేమిటండీ?" అన్నాను.

అప్పన్న బిత్తరపోయాడు. "పేరేటి బావా? అది నువ్వంపిన మెసేజీలో నేదు కదా!"

హాలు గొల్లుమంది. మా గైడుగారు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మేడమ్ మాత్రం నవ్వలేదు. "ఈయన మీ బావమరిదా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అప్పన్న అందుకున్నాడు. "కాదమ్మా! మార్కెట్లో అందరినీ బావా అనే పిలుత్తాను. ఈయన నాకు ఏ మెసేజీ అంపనేదు. మా అక్క మీదొట్టు, అదిగో, ముందే కూకుంది!"

అక్క తల దించుకుంది. మేడమ్ నా వైపు తిరిగారు. "మిమ్మల్ని కాపాడటానికి ఈయన ఇప్పుడే నా కళ్లముందు అబద్ధమాడారు. మీ థీసిస్ ప్రకారం అది తప్పా, ఒప్పా?"

ఒప్పంటే నా ఇటుకరాయి మునిగింది. తప్పంటే, నా కోసం కొట్టు మూసుకొచ్చినవాణ్ణి వాడి అక్క ఎదుటే తప్పుడు మనిషిని చేయాలి.

"తప్పనెయ్ బావా! నేపోతే డిగ్రీ పోద్ది!" అని అప్పన్న గుసగుసలాడాడు. మార్కెట్లో కేకలేసే గొంతు కదా, ఆ గుసగుస బీచ్‌రోడ్డు దాకా వినపడి ఉంటుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. "మేడమ్, తప్పు నాది. అడగమన్నది నేనే. నా కోసం ఆయనాడిన అబద్ధాన్ని తప్పనడానికి నాకు నోరు రావడం లేదు. థీసిస్‌లోనే ఏదో తేడా ఉంది" అన్నాను.

మేడమ్ అప్పుడు నవ్వారు. "ఇంత లావు పుస్తకంలో లేని ఆలోచన ఇప్పుడొచ్చింది. చివరి అధ్యాయం తిరగరాసివ్వండి, డిగ్రీకి సిఫారసు చేస్తాను. ఇంకొకటి. ఈ ప్రశ్న అడిగినాయన పేరు కృతజ్ఞతల్లో మొదట ఉండాలి. ఇందాక మీరే పేరడిగారు కదా, ఇప్పుడైనా తెలుసుకోండి."

కనుక పాఠక మహాశయులారా, ఈ జన్మలో మళ్లీ సొంత బావమరిదిని పేరడగనని మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఒట్టు ఎవరి మీద వేయాలో మాత్రం తోచడం లేదు. తన మీద ఇక ఎవరూ వేయడానికి వీల్లేదని మా ఆవిడ ఆ రోజే తేల్చి చెప్పేసింది.